పూత రాలిన ఇల్లు: అంబపాలి గాథల్లో వార్ధక్య స్వీయవర్ణన

వ్యాససంగ్రహం

పాలి థేరీగాథలోని అంబపాలి గాథలను (252–270) అనిత్యతాబోధకు ఉదాహరణగా చదవడం ఆనవాయితీ. ఆ పఠనంలో ముదిసిన దేహం కనిపిస్తుంది గాని, దాన్ని చూసి చెబుతున్న స్త్రీ కనిపించదు. గణికకు సౌందర్యం ప్రకృతి ఇచ్చినదే గాక, శ్రమించి తీర్చుకున్న పని కూడా. అంబపాలి గాథల్లోని ఉపమానాలు, కృదంత పదాలు ఆ పనితనాన్ని పట్టి చూపుతాయని, అందువల్లనే ఆమె తన వార్ధక్యాన్ని రోతగా గాక శిథిలతగా వర్ణించగలిగిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. థేరగాథలోని రట్ఠపాల, కుల్ల గాథలతోను, తెలుగులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’తోను పోల్చి ఈ ప్రతిపాదనను పరీక్షిస్తుంది.

కీలకపదాలు: థేరీగాథ, అంబపాలి, గణిక, వార్ధక్యం, స్వీయవర్ణన, కేశాదిపాద వర్ణన, రథోద్ధతం, ముద్దుపళని.

1. పంతొమ్మిది గాథలు

థేరీగాథ ఖుద్దకనికాయంలో చేరిన గ్రంథం. పాలి టెక్స్ట్ సొసైటీ సంఖ్యాక్రమం ప్రకారం ఇందులో 522 గాథలున్నాయి. భిక్షుణుల పేర వెలసిన ఈ గాథల్లో అంబపాలివి పంతొమ్మిది. చివరి గాథను మినహాయిస్తే తక్కిన పదునెనిమిదీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదట ఒక అవయవం ఒకప్పుడు ఎలా శోభించిందో చెబుతుంది. వెంటనే ముసలితనం వల్ల అది ఏమైందో చెబుతుంది. ఆపైన సత్యవాది మాట వేరుగా జరగదనే అర్థం గల పల్లవి వస్తుంది.

వర్ణన క్రమం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. తుమ్మెదల వంటి నల్లని, కొసలు వంకీలు తిరిగిన జుట్టుతో మొదలై, కనుబొమలు, కళ్లు, ముక్కు, చెవులు, పళ్లు, గొంతు, మెడ, భుజాలు, చేతులు, స్తనాలు, మేను, తొడలు, పిక్కల మీదుగా పాదాల వద్ద ముగుస్తుంది. దేవతలను పాదాల నుంచి, మానవులను శిరస్సు నుంచి వర్ణించాలన్న కవిసమయాన్ని మల్లినాథుడు కుమారసంభవ వ్యాఖ్యలో పేర్కొన్నాడు. మన ప్రబంధ కవులు నాయికావర్ణనల్లో శతాబ్దాల పాటు నడిచిన దారి ఇదే. అయితే ఆ వర్ణనల్లో నాయిక వర్ణ్యవస్తువు మాత్రమే. ఆమెను చూసేది నాయకుడో, చెలికత్తెయో, కవియో. తన దేహాన్ని తానే తలనుంచి కాలిదాకా వర్ణించుకునే స్త్రీ ఆ పద్ధతిలో అరుదు. వయసు మళ్లాక వర్ణించుకునే స్త్రీ మరీ అరుదు. అంబపాలి గాథల విశిష్టత ఇక్కడ మొదలవుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు పునఃకథనాలు ఈ విషయాన్ని దాదాపు తలకిందులు చేశాయి. ఆచార్య చతురసేన్ హిందీ నవల ‘వైశాలీ కీ నగరవధూ’ గాని, 1966 నాటి హిందీ చలనచిత్రం ‘ఆమ్రపాలీ’ గాని లోకానికి గుర్తు చేసింది యౌవనవతి అయిన నగరసుందరినే. ఆమె పేర నిలిచిన గాథలు మాత్రం ముసలిదాని మాటలు.

2. వెల కట్టిన రూపం

గాథల్లోకి వెళ్లేముందు ఆ రూపం సమాజంలో ఏ స్థానంలో ఉండేదో చూడాలి. వినయపిటకం మహావగ్గంలోని చీవరఖంధకం వైశాలి సంపదను వర్ణిస్తూ, దాని ప్రాసాదాలతో పాటు కొలనులతో పాటు అంబపాలిని కూడా లెక్కిస్తుంది. ఆమె రాత్రికి యాభై తీసుకునేదని, ఆమె వల్ల నగరం మరింత శోభించిందని చెబుతుంది. ఇది చూసి వచ్చిన రాజగృహ ప్రముఖుడొకడు బింబిసారుడికి విన్నవిస్తే, రాజగృహంలో సాలవతి అనే యువతిని గణికగా నిలబెట్టారు. ఆమె వెల రాత్రికి వంద. రెండు నగరాల పోటీలో స్త్రీ రూపం కోట బురుజులాంటి ప్రతిష్ఠాచిహ్నం.

సాలవతి కథలో తర్వాత జరిగినది మరింత గమనించదగినది. గర్భిణి అయిన స్త్రీని పురుషులు ఇష్టపడరని, తెలిస్తే తన ఆదరణ పోతుందని ఆమె భయపడింది. ఒంట్లో బాగాలేదని చెప్పించి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పుట్టిన మగబిడ్డను చేటలో పెట్టించి చెత్తకుప్ప మీద పారవేయించింది. ఆ బిడ్డే తర్వాతి కాలపు ప్రసిద్ధ వైద్యుడు జీవకుడు. కథకుడి దృష్టి జీవకుడి మీద ఉంది కాబట్టి సాలవతి అక్కడితో కథలోంచి తప్పుకుంటుంది. కాని ఆ రెండు మూడు వాక్యాల్లో గణిక జీవితపు అసలు భయం బయటపడింది. దేహంలో వచ్చే ప్రతి మార్పూ ఆమెకు జీవనాధారానికి తగిలే దెబ్బ. నెలలు నిండితే పోయే గర్భాన్ని దాచవచ్చు. ముసలితనాన్ని దాచే తలుపు లేదు.

థేరీగాథలోనే అడ్ఢకాసి అనే మరొక మాజీ గణిక తన వెల కాశీ జనపదమంత ఉండేదని, దాన్ని నిర్ణయించింది నిగమమేనని రెండు గాథల్లో (25–26) చెప్పి, ఆ రూపం మీద తనకు విరక్తి కలిగిందంటుంది. వెల తనది, నిర్ణయం ఊరిది. ఈ నేపథ్యంలో చూస్తే అంబపాలి వార్ధక్యాన్ని సొగసు పోయిన బాధ అని మాత్రమే అనుకోవడం చాలదు. ఒక వృత్తి, ఒక పరపతి, ఒక ఊరి గుర్తింపు అవయవం తర్వాత అవయవంగా జారిపోవడం అది. అయినా ఆమె బేలగా పేదరాలైన స్త్రీ కాదు. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుణ్ణి భోజనానికి ఆహ్వానించి, ఆ అవకాశాన్ని తమకిమ్మని లిచ్ఛవులు లక్ష ఇవ్వజూపినా, వైశాలిని దాని జనపదంతో సహా ఇచ్చినా వదులుకోనని చెప్పిన స్త్రీ ఆమె. మామిడితోటను సంఘానికి దానం చేసిందీ ఆమెనే. గాథల్లోని నిబ్బరాన్ని అర్థం చేసుకోవడానికి ఈ సంగతి అక్కరకొస్తుంది.

3. ‘సు’ అనే ఉపసర్గ

గాథల పూర్వార్ధాల్లోని ఉపమానాలను వరుసగా పేర్చితే ఒక విశేషం కనిపిస్తుంది. కనుబొమలు చిత్రకారుడు చక్కగా గీసిన రేఖలు. చెవులు నేర్పుగా చేసి ముగించిన కంకణాలు. మెడ బాగా మెరుగుపెట్టిన శంఖం. మేను నున్నగా తీర్చిన బంగారు పలక. జుట్టు ఒద్దికగా నాటిన తోట, దువ్వెనతో సూదులతో పాయలు తీసినది. చేతులకు బంగారు ఉంగరాలు, పిక్కలకు బంగారు అందెలు. వీటిలో వాడిన పాలి పదాలు సుకత, సురోపిత, సునిట్ఠిత, సుమట్ఠ, సుప్పమజ్జిత. చక్కగా చేసిన, చక్కగా నాటిన, చక్కగా ముగించిన, చక్కగా తీర్చిన, చక్కగా మెరుగుపెట్టిన అని వాటి అర్థాలు. ‘సు’ ఉపసర్గతో మొదలై కర్మార్థక కృదంతంగా ముగిసే ఈ పదాలన్నిటి వెనుకా చేసినవారి చెయ్యి ఉంది. చిత్రకారుడు, కంసాలి, తోటమాలి, శంఖానికి మెరుగుపెట్టే పనివాడు, అలంకరించే దాసి, అన్నిటికీ మించి అలంకరించుకునే గణిక. ఆమె గుర్తు చేసుకుంటున్న అందం పనితనం.

ప్రకృతి నుంచి తెచ్చిన ఉపమానాలు లేవని దీని అర్థం కాదు. తుమ్మెదలు, అరటిమొగ్గ రంగు పళ్లు, వనంలో తిరిగే కోకిల, ఏనుగు తొండం వంటి తొడలు ఉన్నాయి. అవి కావ్యలోకంలో అందరి సొత్తు. ఏ నాయికకైనా అతుకుతాయి. పనితనపు ఉపమానాలు మాత్రం ఆమె వృత్తికి దగ్గరివి. గాథలకు వాటివల్లనే ప్రత్యేకత వచ్చింది.

ఉత్తరార్ధాలకు వస్తే కృదంతాలు మారతాయి. పళ్లు ఖండిత, మెడ భగ్గ, వినామిత. పాదాలు ఫుటిత. అంటే విరిగినవి, వంగినవి, పగిలినవి. ఇది పాతబడిన వస్తువుల గురించి వాడే భాష. చేసిన వస్తువు చెడుతుంది. చేయడం తెలిసినవారికి చెడడం కూడా తెలుసు. జుట్టు జనుపనారగా, పిక్కలు నువ్వుకట్టెలుగా, తొడలు వెదురు బొంగులుగా, చేతులు వేళ్లుగా మారాయన్నప్పుడు ఉపమానాలు అంగడి నుంచి, అంతఃపురం నుంచి చేను గట్టుకు, పెరటికి చేరతాయి. నువ్వులు దులిపేశాక మిగిలిన ఎండుకట్టె తెలిసిన పాఠకుడికి ఇందులో వెగటు తోచదు, ఒక ఎండుదనం తోస్తుంది.

కొన్ని చోట్ల ఆమె తనను తాను ఏమాత్రం ఉపేక్షించదు. పూలతో నిండి పరిమళపు పెట్టెలా గుబాళించిన జుట్టు ఇప్పుడు కుందేటి బొచ్చు వాసన వేస్తోందంటుంది. తల బట్టతల అయిందంటుంది. స్తనాల గాథలోని నీళ్లు లేని తిత్తుల పోలిక కూడా నిర్దాక్షిణ్యమైనదే. ముక్కు, భుజాల గాథల్లో పాఠభేదాలు అర్థనిర్ణయాన్ని కష్టం చేస్తాయి కనుక వాటి మీద వాదం నిలపడం సబబు కాదు. మిగిలినవాటిని బట్టి చూసినా ఈ స్త్రీ తన దేహం పట్ల జాలినీ కోరడం లేదు, అసహ్యాన్నీ ఆశించడం లేదు. లెక్క అప్పగిస్తోంది.

4. ఇతరుల చూపు

ఈ వైఖరి ఎంత భిన్నమో థేరగాథతో పోల్చితే తెలుస్తుంది. రట్ఠపాలుడు ప్రవ్రజించి తిరిగి ఇంటికి వచ్చినప్పుడు, అతని పూర్వపు భార్యలను అలంకరించి అతని ముందు నిలిపారు. అప్పుడతడు చెప్పిన గాథల్లో ఆ దేహాలు చిత్రించిన బొమ్మలు. తీర్చిన కురులు, కాటుక కళ్లు మూఢుణ్ణి మోసగించగలవు గాని ఆవలి ఒడ్డు వెదికేవాణ్ణి మోసగించలేవని అతని భావం. ఇక్కడా అలంకారం పనితనమే. చిత్రించడమనే ఊహ రట్ఠపాలుడికీ అంబపాలికీ ఉమ్మడి. అతడికి ఆ పనితనం మోసం. ఆమెకు అది నిజంగానే శోభించిన సంగతి. గాథలో శోభించిందనే క్రియ మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కడా ఆ శోభను అబద్ధమని ఆమె అనలేదు.

అదే థేరగాథలో కుల్లుడు శ్మశానంలో పారవేసిన స్త్రీ శవాన్ని, పురుగులు తింటున్నదాన్ని చూసి ధ్యానిస్తాడు (393 నుంచి). ఆ స్త్రీకి పేరు లేదు, మాట లేదు. లిజ్ విల్సన్ తన ‘ఛార్మింగ్ కెడావర్స్’ (1996) గ్రంథంలో బౌద్ధ వాఙ్మయంలో స్త్రీ దేహం పురుష సాధకుడి వైరాగ్యానికి సాధనవస్తువుగా మారిన తీరును విస్తరించి చూపింది. ఆ విమర్శ కుల్ల గాథకు పూర్తిగా వర్తిస్తుంది. అంబపాలికి వర్తింపజేయడానికి మాత్రం ఆగి ఆలోచించాలి. చూస్తున్నదీ ఆమె, చూడబడుతున్నదీ ఆమె.

స్త్రీలకు సంబంధించిన అట్ఠకథల్లో కూడా చూపు తరచు ఇతరుల చేతిలోనే ఉంటుంది. రూపగర్విత అయిన ఖేమ రాణికి బుద్ధుడు ఒక అపూర్వసుందరిని సృష్టించి చూపి, ఆమె కళ్లెదుటే ఆ సుందరిని ముదుసలిగా మార్చి కూలిపోయేట్టు చేశాడని కథ. అక్కడ వార్ధక్యం గురువు ప్రదర్శించిన దృశ్యం. అంబపాలికి అటువంటి మాయాసుందరి అక్కరలేకపోయింది. ధమ్మపాలుడి పరమత్థదీపని ప్రకారం ఆమె తన కొడుకు విమలకొండఞ్ఞుడి ధర్మోపదేశం విని ప్రవ్రజించింది. గాథల్లో మాత్రం ఉపదేశకుడు గాని, కొడుకు గాని కనిపించరు. సాక్ష్యం ఆమె ఒంటి మీదే ఉంది.

విమల అనే మరో మాజీ గణిక (72–76) తాను రూపమదంతో ఇతర స్త్రీలను చులకన చేశానని, అలంకరించుకుని వేశ్యావాటిక గుమ్మంలో వలపన్నిన వేటగాడిలా నిలిచానని చెబుతుంది. ఆమె మాటల్లో పశ్చాత్తాపముంది. వల అనే ఊహ రట్ఠపాలుడి మోసానికి దగ్గరిది. తన గతాన్ని ఆమె సంఘం కళ్లతో చూసుకుంది. అంబపాలి గాథల్లో అటువంటి పశ్చాత్తాపం వెదికినా దొరకదు. ఇద్దరూ ఒకే వృత్తి నుంచి, ఒకే సంఘంలోకి వచ్చినవారే. ‘థేరీగాథలోని గణిక’ అనే ఒకే మూసలో వీరిని పోయడం విమర్శకు సౌకర్యంగా ఉంటుంది తప్ప గాథలకు న్యాయం చేయదు.

5. పల్లవి, నడక

ఈ పఠనానికి బలమైన ఆక్షేపణ పల్లవి నుంచి వస్తుంది. పంతొమ్మిది సార్లు బుద్ధుడి మాటను తలదాల్చే గాథల్లో స్వీయదృష్టికి చోటెక్కడిదని అడగవచ్చు. దేహమంతా ఉపదేశానికి దృష్టాంతమై, మాట్లాడే స్త్రీ శిష్యురాలిగా మాత్రమే మిగిలింది కదా అని వాదించవచ్చు.

పల్లవి స్థానాన్ని పరిశీలిస్తే ఈ వాదం కొంత సడలుతుంది. ప్రతి గాథలోనూ అది చివర వస్తుంది. ముందు అవయవం, అనుభవం, పరిశీలన. ఆ తర్వాతే సత్యవాది మాట సరిపోయిందన్న తీర్పు. భారతీయ తార్కికుల పరిభాషలో చెప్పాలంటే శబ్దప్రమాణాన్ని ఇక్కడ ప్రత్యక్షం ధ్రువపరుస్తోంది. ధ్రువపరిచే అధికారం అంబపాలి చేతిలో ఉంది. బుద్ధవచనం నిజమని అనడానికి ఆమె దగ్గర పదునెనిమిది రుజువులున్నాయి, అవన్నీ తనవే. వినయం లేదని కాదు. వినయంతో పాటు సాక్షికుండే ఠీవి కూడా ఉంది.

ఛందస్సు మరొక సంగతి చెబుతుంది. ఈ గాథలు ర-న-ర-వ గణాల రథోద్ధతంలో సాగాయి. లక్షణగ్రంథాల ద్వారా తెలుగు పాఠకులకు పరిచితమైన వృత్తమే ఇది. పాలి గాథల్లో ఇంత తీర్చిన కావ్యవృత్తం కనిపించడం వల్ల వీటిని చారిత్రక అంబపాలే చెప్పిందా, తర్వాతి కవి ఎవరైనా ఆమె నోట పలికించారా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. దాన్ని తేల్చే ఆధారం గాథల్లో లేదు. ఎవరు రచించినా ఆ గొంతు గణిక గొంతుగా, ముసలి గొంతుగా నిర్మితమైంది. విమర్శ పరిశీలించదగినది ఆ నిర్మాణాన్నే.

ఆ నిర్మాణంలో ఒక చోటు ప్రత్యేకంగా నిలుస్తుంది. వనంలో కోకిలలా మధురంగా పలికిన తన గొంతు ముసలితనం వల్ల అక్కడక్కడ తడబడుతోందని ఒక గాథ అంటుంది. తడబడుతోందని చెప్పే ఆ పాదం మాత్రం రథోద్ధతంలో ఒక్క మాత్ర తప్పదు. గురులఘువులు కట్టినవి కట్టినట్టుంటాయి. ఇది కవి ఉద్దేశించిందో కాదో చెప్పలేం. ఫలితం మాత్రం స్పష్టం. పాడే గొంతు పోయింది, చెప్పే మాట నిలిచింది. పూర్వార్ధంలోని యౌవనానికీ ఉత్తరార్ధంలోని వార్ధక్యానికీ ఒకే నడక ఉండడం గాథలన్నిటికీ వర్తించే విషయం.

6. రాధిక పక్కన ఇళ

గణిక జీవితం నుంచి వచ్చిన స్త్రీ స్వరం తెలుగు కావ్యలోకంలో ముద్దుపళనిది. తంజావూరి మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానానికి చెందిన ఆమె రచించిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపజేయడం, ఆ తర్వాత అది ప్రభుత్వ నిషేధానికి గురికావడం సుపరిచిత చరిత్ర. ఆ చర్చంతా శృంగారం, అశ్లీలం చుట్టూ తిరగడంతో కావ్యంలోని వయసుల సంగతి మీద తగినంత దృష్టి పడలేదు.

రాధ ఇళను చిన్ననాటి నుంచి పెంచింది. ఎదిగాక కృష్ణుడికిచ్చి పెళ్లి చేసింది. పడకటింటికి పంపుతూ ఇద్దరికీ బుద్ధులు చెప్పింది. ఆ తర్వాత ఆ ఎడబాటును తానే భరించలేకపోయింది. రాధ ముదుసలి కాదు, ప్రౌఢ. ఆమె వేదనకు మూలం ముడతల్లో లేదు. తన చేతుల మీద పెరిగిన పిల్ల దేహంలో కొత్తగా వచ్చిన యౌవనమే ఆమెకు అద్దం. స్త్రీకి తన వయసు తన ఒంటి మీద కన్నా ముందు పక్కనున్న పడుచుదాని మీద కనిపిస్తుందన్న సత్యాన్ని ఈ కావ్యం పట్టుకుంది. అంబపాలి గాథల్లో ఆ రెండో స్త్రీ లేదు. అక్కడ పోలికంతా ఒకే దేహానికి, రెండు కాలాలకు మధ్యనే.

మరో తేడా ఇంకా ముఖ్యం. రాధకు సాంత్వనం కృష్ణుడి చేతుల్లో దొరుకుతుంది. కావ్యనామమే అది చెబుతోంది. ఆమె ఇంకా కామ్య అని ప్రియుడు ఒప్పుకోవడంతో కథ తీరం చేరుతుంది. వయసు మళ్లుతున్న స్త్రీకి కోరిక ఉంటుందని, దాన్ని చెప్పుకునే హక్కు ఉందని ముద్దుపళని రాయగలగడం చిన్న విషయం కాదు. అయినా ఆమె నాయిక విలువను చివరకు నిర్ణయించింది మరొకరి చూపే. అంబపాలిని ఓదార్చేవారెవరూ గాథల్లో లేరు. ఓదార్పు అవసరమైనట్టు కూడా లేదు. ఇందులో ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అనడం పొరపాటు. ఒకటి గృహశృంగారంలో నిలిచిన స్త్రీ మాట, మరొకటి దాన్ని విడిచి వచ్చిన స్త్రీ మాట.

7. పూత రాలిన ఇల్లు

పంతొమ్మిదవ గాథ అచ్చును మారుస్తుంది. ఇక అవయవాలు లేవు. ఈ దేహం ఇలాంటిదిగా ఉండేదని, ఇప్పుడు జర్జరమై అనేక దుఃఖాలకు నెలవైందని, పూత రాలిన పాత ఇల్లని చెప్పి ముగుస్తుంది. పదునెనిమిది గాథల పనితనపు ఉపమానాలు ఈ ఒక్క రూపకంలోకి వచ్చి చేరతాయి. ఇల్లు కూడా చేసిన వస్తువే. పూత దానికి పెట్టిన మెరుగు. లేపనమనే మాట గోడకు పూసే పూతకూ ఒంటికి పూసే చందనానికీ చెల్లుతుంది. గణిక నోట ఆ మాట రెండర్థాలతోనూ పలుకుతుంది.

ధమ్మపదం జరావగ్గంలోని 150వ గాథలో ఇదే ఊహకు మరో రూపముంది. దేహం ఎముకలతో కట్టిన నగరం, దానికి పూత రక్తమాంసాలు, లోపల నివసించేవి జర, మృత్యువు, అహంకారం, కపటం. అదే వగ్గంలోని 153–154 గాథల్లో గృహనిర్మాత పట్టుబడ్డాడు, దూలాలు విరిగాయి, ఇల్లు కూలింది. మొదటిది లోపలి రోతను చూపుతుంది, రెండోది విముక్తిని చాటుతుంది. అంబపాలి ఇంట్లో దూలాలు విరగలేదు, లోపల కపటం కాపురం లేదు. రాలింది పూత.

తెలుగులోకి తెచ్చేవారికి ఆమె వాడిన ‘జరాఘర’ పదం దగ్గర చిక్కు ఎదురవుతుంది. ‘పాడుబడ్డ ఇల్లు’ అనడం నోటికి సులువు, అలవాటైన పలుకుబడి కూడా. కాని మనుషులు విడిచిపోయిన ఇంటినే తెలుగువారు పాడుబడ్డదంటారు. ఈ ఇంట్లో మనిషి ఉంది. గోడ గోడనూ చూసి, ఏ గోడ ఒకప్పుడు ఎలా ఉండేదో చెబుతోంది. ‘పూత రాలిన పాత ఇల్లు’ అనడం కొంత పొడవైనా అర్థానికి దగ్గరది.